ప్లాను గీసిందెవరు, పునాది లెక్క కట్టిందెవరు?

నెల్లూరు శివార్లలో ముప్పై అంకణాల (దాదాపు 200 చదరపు మీటర్ల) స్థలం కొని ఇల్లు కట్టుకునే కుటుంబం దగ్గర తప్పకుండా ఉండే కాగితం ఒకటే. అది నగరపాలక సంస్థో, నుడానో (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లాను. గదుల కొలతలు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ముందున్న రోడ్డు వెడల్పు, మెట్లు, వాహనాలు నిలిపే చోటు అందులో ఉంటాయి. ఫుటింగు (పిల్లరు కింది పునాది) ఎంత లోతుకు దింపాలి, పిల్లర్‌లో ఎన్ని కడ్డీలు పెట్టాలి, బీములో రింగులు ఎంత ఎడంగా కట్టాలి అని చెప్పే స్ట్రక్చరల్ డ్రాయింగు వేరు. చిన్న ఇళ్లలో ఈ రెండో కాగితం తరచూ ఉండదు. ఉన్నా, అది వేరే వీధిలో మరో ఇంటికి వేసినదే కావచ్చు. అదీ లేని చోట మేస్త్రి తన అనుభవం కొద్దీ చెప్పిన కొలతలతో గుంతలు తవ్వుతారు, ఇనుము కొంటారు.

రెండు వానాకాలాలు గడిచాక కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా పగిలిందనుకుందాం. ప్లాను గీసిన లైసెన్సుదారు తనది అనుమతి వరకేనని చెబుతాడు. మేస్త్రి తాను కూలికి పని చేశానంటాడు. కాంట్రాక్టరు యజమాని ఇచ్చిన డబ్బుకు తగ్గట్టే కట్టానంటాడు. పగులు అందరికీ కనిపిస్తోంది. పునాదికి ఆ లోతు చాలునని తేల్చిన మనిషి మాత్రం ఏ కాగితంలోనూ కనిపించడు.

డిజైన్ తప్పుకు బాధ్యత మోపే చట్టాలు మనకు తక్కువేమీ కాదు. ఒప్పందాల చట్టం, వినియోగదారుల రక్షణ చట్టం, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఉన్నాయి. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత ఉంది. ఈ నిర్ణయం ఎవరిది, ఏ సమాచారం చూసి తీసుకున్నారు అని ప్రతి చట్టమూ ఏదో ఒక దశలో అడుగుతుంది. కాగితం మీద దానికి జవాబు లేకపోతే ఎంత బలమైన చట్టమైనా అక్కడే ఆగిపోతుంది. కాబట్టి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు కట్టే వాళ్లకు, ఫ్లాటు కొనే వాళ్లకు అసలు రక్షణ పని మొదలు కాకముందు తయారయ్యే కాగితాల్లోనే ఉంది.

తప్పు డిజైన్‌దా, పనిదా, నిర్వహణదా?

కట్టడం దెబ్బతిన్నప్పుడు మొదట విడదీయాల్సింది ఇదే. పిల్లర్‌లో నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగునే చూద్దాం. భూకంప ప్రాంతాల్లో కాంక్రీటు కట్టడాల కోసం ఉన్న ఐఎస్ (భారతీయ ప్రమాణం) 13920 కోడ్ ప్రకారం ఆ రింగు కొనలను 135 డిగ్రీలు వంచి, పిల్లర్ లోపలి కాంక్రీటులోకి దిగేలా పెట్టాలి. 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే, భూమి ఊగినప్పుడు పైపెచ్చు ఊడి రింగు విచ్చుకుంటుంది, కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. డ్రాయింగులో ఆ వంపు చూపించకపోతే అది డిజైన్ చేసిన వాడి తప్పు. డ్రాయింగులో ఉన్నా, వంచడం కష్టమని పనివాళ్లు 90 డిగ్రీలకు ఆపేస్తే అది పని తప్పు. స్లాబు పోసే ముందు తనిఖీకి వచ్చి, చూసి కూడా ఊరుకున్న ఇంజనీరు ఉంటే అతనిది పర్యవేక్షణ లోపం. ఇనుప ముక్క ఒకటే అయినా బాధ్యత ముగ్గురిలో ఎవరి మీదైనా పడవచ్చు.

ఇది దూరపు ముచ్చట కూడా కాదు. ఒంగోలు పరిసరాలను 2016 నాటి ఐఎస్ 1893 పటం మూడో భూకంప జోన్‌లో చూపింది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా స్వల్ప ప్రకంపనలు నమోదయ్యాయి. ఇక్కడ భూకంపం వస్తుందని ఊహించలేదు అనే వాదన ఏ ఇంజనీరు నోటా చెల్లదు.

తీరం వెంట మరో రకం తప్పు జరుగుతుంది. ఐఎస్ 456 ప్రకారం సాధారణ వాతావరణంలో ఇనుము మీద 20 మిల్లీమీటర్ల కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు మందం), ఎం20 గ్రేడు కాంక్రీటు చాలు. సముద్ర తీరపు గాలికి నేరుగా గురయ్యే కట్టడానికి కవరు 45 మిల్లీమీటర్లు ఉండాలి, కాంక్రీటు కనీసం ఎం30 ఉండాలి. ఒంగోలు పట్టణంలో వేసిన డ్రాయింగును అలాగే తీసుకెళ్లి కొత్తపట్నం ఒడ్డున, లేదా నెల్లూరు దగ్గర మైపాడులో వాడితే మేస్త్రి ఎంత శ్రద్ధగా కట్టినా ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా రాలుస్తుంది. ఇక్కడ పని బాగానే జరిగింది, తప్పు డ్రాయింగులోనే ఉంది. అదే తీరంలో డిజైన్ సరిగ్గా ఉండి, ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపితే అప్పుడు తప్పు పనిది అవుతుంది. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని అదే కోడ్ చెబుతోంది. గురుగ్రామ్‌లోని ఒక అపార్టుమెంటులో 2022 ఫిబ్రవరిలో పై అంతస్తు స్లాబు కూలి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత పరీక్షించిన ఐఐటీ ఢిల్లీ నిపుణులు కాంక్రీటులో క్లోరైడులు ఉన్నట్టు తేల్చారు.

మూడోది నిర్వహణ. మద్దిపాడు మండలం మల్లవరం దగ్గరున్న గుండ్లకమ్మ జలాశయంలో 2022 ఆగస్టు చివర ఒక గేటు, 2023 డిసెంబరులో మరో గేటు కొట్టుకుపోయాయి. ఇలాంటి ఘటన జరిగితే గేటు ఎంత నీటి ఒత్తిడిని తట్టుకునేలా రూపొందిందో, తయారీ ఎలా జరిగిందో, ఏటా రంగు, మరమ్మతు, రబ్బరు సీళ్ల మార్పు జరిగాయో లేదో విడివిడిగా తేల్చాలి. మొదటి రెండిట్లో లోపం ఉంటే డిజైన్ సంస్థ, కాంట్రాక్టరు జవాబు చెప్పాలి. మూడోదానిలో ఉంటే శాఖ చెప్పాలి. ఈ విభజన చేయకుండా గుత్తేదారును ఒక్కడినే తిట్టడం వల్ల రైతుకు నీళ్లు రావు, తప్పు చేసిన వాడు దొరకడు.

మట్టి పరీక్ష చేయకపోవడమే మొదటి నిర్లక్ష్యం

ప్రకాశం జిల్లాలో చాలా చోట్ల నల్లరేగడి నేల ఉంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. పైపొరలో ఆపేసిన ఫుటింగును ఏటా పైకి లేపి కిందికి దించుతుంది. బయటి గోడల కింద తేమ ఒక రకంగా, ఇంటి మధ్యలో మరో రకంగా ఉండటం వల్ల ఆ కదలిక అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఏటవాలు పగుళ్లకు అదే కారణం. దీనికి పరిష్కారం ఇంజనీరింగులో ఎప్పటినుంచో ఉంది. ఐఎస్ 2911 మూడో భాగం అండర్ రీమ్డ్ పైళ్ల (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన పునాది స్తంభాల) గురించి చెబుతుంది. లోతైన నల్లరేగడిలో ఆ పైళ్లు నేల మట్టానికి కనీసం 3.5 మీటర్ల దిగువకు వెళ్లాలి. నెల్లూరు వైపు పెన్నా ఇసుక నేలల్లో, తీరపు మెత్తని బంకమట్టిలో సమస్య వేరు, లెక్క కూడా వేరు.

కాబట్టి మట్టి పరీక్ష లేకుండా పునాది డిజైన్ చేయడమంటే సమాచారం లేకుండా నిర్ణయం తీసుకోవడమే. చట్టం ముందు ఇదే ఇంజనీరుకు ప్రమాదకరమైన చోటు. లెక్కలో చిన్న పొరపాటును నిపుణులు క్షమించవచ్చు. చూడాల్సింది చూడకపోవడాన్ని న్యాయస్థానం అంత తేలిగ్గా వదలదు. అయితే యజమాని పాత్ర కూడా ఇక్కడ లెక్కకు వస్తుంది. పరీక్ష చేయించమని ఇంజనీరు రాతపూర్వకంగా అడిగి, ఖర్చు ఎందుకని యజమాని ఒప్పుకోకపోతే పరిహారంలో ఆ మేరకు కోత పడవచ్చు. నోటి మాటగా అడిగితే మాత్రం అడిగినట్టు రుజువు ఉండదు. యజమాని వద్దన్నాడన్న కారణంతో తెలిసి తెలిసి లోపం ఉన్న డ్రాయింగుపై సంతకం పెట్టడం ఇంజనీరుకు ఏ రకంగానూ రక్షణ కాదు. సంతకం పెట్టకుండా తప్పుకునే హక్కు అతనికి ఎప్పుడూ ఉంది.

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. పనికోసం వెళ్లిన ఉత్తరాంధ్ర కూలీలు వారిలో ఎంతోమంది ఉన్నారు. పక్కనే ఉన్న రెండో భవనాన్ని 2016 నవంబరులో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అలాంటి దుర్ఘటన జరిగినప్పుడు మట్టి నివేదిక, స్తంభాల లెక్క, వాటిని తనిఖీ చేసిన వారి సంతకాలే విచారణకు ఆధారాలు. అంత పెద్ద భవనానికి కనీసం కాగితాలు దొరుకుతాయి. మూడంతస్తుల ఇల్లు కూలితే చాలాసార్లు అవి కూడా దొరకవు.

ఎంత జాగ్రత్త తీసుకుంటే చాలు?

డిజైన్ చేసే వాడిని చట్టం రెండు రకాల కొలతలతో చూస్తుంది. ఏ కొలత వర్తిస్తుందన్నదే చాలా వివాదాల్లో గెలుపోటములను నిర్ణయిస్తుంది.

మొదటిది వృత్తి నిపుణుడి నుంచి ఆశించే సహేతుకమైన నైపుణ్యం, శ్రద్ధ. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు వైద్యుల గురించి చెబుతూనే వృత్తి నిపుణులందరికీ వర్తించే సూత్రం చెప్పింది. తనకు ఉందని చెప్పుకున్న నైపుణ్యం నిజంగా లేకపోయినా, ఉన్న నైపుణ్యాన్ని తగినంత శ్రద్ధతో వాడకపోయినా నిపుణుడు నిర్లక్ష్యానికి బాధ్యుడు. ఫలితం చెడిందన్న ఒక్క కారణంతో మాత్రం బాధ్యుడు కాడు. అదే స్థితిలో మరో సగటు ఇంజనీరు ఏం చేసేవాడన్నది గీటురాయి. ఇక్కడే ఐఎస్ కోడ్‌లకు బలం వస్తుంది. కోడ్ పాటించని డిజైన్‌ను సమర్థించుకోవడం చాలా కష్టం.

రెండో కొలత ఇంతకంటే కఠినం. ఫలానా అవసరానికి పనికొచ్చే కట్టడం ఇస్తానని ఒప్పుకుంటే, ఎంత శ్రద్ధగా చేశాడన్నది పక్కకు పోతుంది. పనికొచ్చిందా లేదా అన్నదే చూస్తారు. ఇంగ్లండులో 1975లో తేలిన గ్రీవ్స్ కేసులో నూనె డ్రమ్ముల గోదాము పై అంతస్తును ఇంజనీర్లు డిజైన్ చేశారు. డ్రమ్ములు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు తిరుగుతాయని వారికి ముందే తెలుసు. ఆ బండ్ల ప్రకంపనలకు నేల పగిలింది. అవసరం తెలిసి డిజైన్ చేశారు కాబట్టి, ఆ అవసరానికి పనికొచ్చేలా ఉండాలన్న షరతు ఆ ఒప్పందంలో అంతర్లీనంగా ఉన్నట్టేనని అప్పీలు కోర్టు చెప్పింది. విదేశీ తీర్పులు మన కోర్టులను కట్టడి చేయవు. కానీ ఈ తర్కం చీమకుర్తి గ్రానైటు యూనిట్లకు సరిగ్గా సరిపోతుంది. పలకలు కోసే షెడ్డులో గాంట్రీ క్రేను రాతి దిమ్మెలను ఎత్తి నడుస్తుందని ఇంజనీరుకు తెలిసే ఉంటుంది. క్రేను ఎంత బరువు ఎత్తుతుంది, ఎంత వేగంతో ఆగుతుంది అన్నది యజమాని రాసి ఇచ్చి, అదే ఒప్పందంలో చేరితే ఆ తర్వాత క్రేను నడిచే రైలు బీము వంగినప్పుడు వాదన చాలా సూటిగా ఉంటుంది.

2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు ఇంకా ముందుకు వెళ్లింది. సముద్రంలో గాలిమరల పునాదులు వేసిన ఎంటీ హోయ్‌గార్డ్ సంస్థ, అప్పటి అంతర్జాతీయ ప్రమాణం జె101ను తు.చ. తప్పకుండా పాటించింది. ఆ ప్రమాణంలోని ఒక సమీకరణంలోనే విలువ దాదాపు పది రెట్లు తప్పుగా ఉంది. పునాదులు జారాయి. మరమ్మతుకు 2.625 కోట్ల యూరోలు ఖర్చయ్యాయి. ప్రమాణమే తప్పు కదా అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. పునాదులు 20 ఏళ్లు నిలిచేలా డిజైన్ చేయాలన్న షరతు ఒప్పందంలో ఉంది. రెండు షరతుల్లో కఠినమైనదే పాటించాలని కోర్టు తేల్చింది. కృష్ణపట్నం, రామాయపట్నం ఓడరేవుల చుట్టూ వచ్చే పనుల్లో ఈపీసీ (డిజైన్ నుంచి నిర్మాణం దాకా అన్నీ కాంట్రాక్టరువే అయ్యే) ఒప్పందాలు తీసుకునే కాంట్రాక్టర్లు సాంకేతిక అనుబంధాల్లో దాగి ఉండే ఇలాంటి ఒక్క వాక్యాన్ని టెండరు వేయకముందే వెతికి పట్టుకోవాలి.

ప్రభుత్వ పనుల్లో కూడా ఇదే తేడా పనిచేస్తుంది. డ్రాయింగు శాఖ ఇచ్చి, కొలతల ప్రకారం బిల్లు చెల్లించే పాత పద్ధతిలో డిజైన్ లోపం ప్రధానంగా శాఖ మీదే పడుతుంది. అమెరికాలో 1918 నాటి స్పియరిన్ తీర్పు ఇదే సూత్రం చెప్పింది. యజమాని ఇచ్చిన ప్లాను ప్రకారం కట్టిన కాంట్రాక్టరును ఆ ప్లానులోని లోపాలకు బాధ్యుడిని చేయలేరు. మన రాష్ట్రంలో 2004లో మొదలైన జలయజ్ఞం పనుల్లో ఈపీసీ విధానం వచ్చింది. సర్వే, డిజైన్, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరువే. శాఖ డ్రాయింగును ఆమోదిస్తుంది. ఆ ఆమోదంతో కాంట్రాక్టరు బాధ్యత తీరదని ఒప్పందాల్లో సాధారణంగా రాస్తారు. ప్రజాధనంతో జరిగే పనుల్లో ఈ వాక్యం అవసరమే. అయితే ఆమోదించే ఇంజనీరు కూడా లెక్క చూడకుండా ముద్ర వేయడానికి దాన్ని సాకుగా తీసుకోకూడదు.

ఫ్లాటు కొన్నవారి హక్కులు

చట్టం కొనుగోలుదారుకు బాగా అండగా ఉన్న చోటు ఇది. రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లోని సెక్షన్ 14 ప్రకారం, ఇల్లు అప్పగించిన తేదీ నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి దాన్ని తెలియజేస్తే ప్రమోటరు (ప్రాజెక్టు కట్టి అమ్మేవాడు) 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సరిచేయకపోతే పరిహారం ఇవ్వాలి. డిజైన్ ఇంజనీరుదా, పని కాంట్రాక్టరుదా అన్న తగాదా కొనుగోలుదారుకు అనవసరం. ప్రమోటరే జవాబుదారీ. ఆ తర్వాత ఆయన తన ఇంజనీరు దగ్గర వసూలు చేసుకుంటాడో లేదో ఆయన ఇష్టం.

అయితే స్థలం 500 చదరపు మీటర్లు మించకపోతే, లేదా ఫ్లాట్లు ఎనిమిది మించకపోతే ప్రాజెక్టుకు రెరా నమోదు అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే నెల్లూరు లెక్కలో దాదాపు 75 అంకణాలు. పట్టణం లోపల లేచే చిన్న అపార్టుమెంట్లలో చాలావాటికి స్థలం ఇంతకంటే తక్కువే. అలాంటి చోట కొనుగోలుదారుకు మిగిలే గట్టి దారి వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టి ఇవ్వడం సేవ కిందికి వస్తుందని 1993 నవంబరులోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెరా ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ తీర్పు స్పష్టం చేసింది. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకపోతే నెల్లూరు, ఒంగోలులోని జిల్లా కమిషన్లలోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఇక్కడ ఎక్కువమందికి తెలియని మాట ఒకటి ఉంది. తన స్థలాన్ని డెవలప్‌మెంట్‌కు ఇచ్చి, బదులుగా సగం ఫ్లాట్లు తీసుకునే స్థల యజమాని కూడా వినియోగదారుడే. 2008లో ఫకీర్‌చంద్ గులాటీ కేసులో సుప్రీంకోర్టు అలా చెప్పింది. నెల్లూరు, ఒంగోలు పాత వీధుల్లో తాతల నాటి పెంకుటిల్లు తీసేసి అపార్టుమెంటు కట్టించుకునే కుటుంబాలు తాము బిల్డరుతో భాగస్వాములం కదా, ఇక ఏం అడుగుతామని వెనక్కి తగ్గుతుంటారు. తగ్గనవసరం లేదు.

ఇంజనీరు మీద నేరుగా ఫిర్యాదు చేయవచ్చా? రుసుము తీసుకుని డిజైన్ ఇచ్చాడు కాబట్టి, రుసుము చెల్లించిన వాడికి అది సేవే. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పిన మాట న్యాయవాద వృత్తి స్వభావాన్ని బట్టి వచ్చింది. ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు దాని వెనక దాక్కోలేరు. ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం, ఒక కౌన్సిలు, ప్రవర్తనా నియమావళి ఉన్నాయి. దుష్ప్రవర్తన తేలితే పేరు తీసేయవచ్చు. సివిల్ ఇంజనీర్లకు దేశవ్యాప్తంగా అలాంటి చట్టం లేదు. స్థానిక సంస్థ ఇచ్చే లైసెన్సే వారి మీద ఉన్న పట్టు. మనుషుల ప్రాణాలను మోసే లెక్కలు కట్టే వృత్తికి జాతీయ చట్టం లేకపోవడం పెద్ద లోటు. దాన్ని ఇంకా వాయిదా వేయడం తగదు.

తుపాను మీదికి నెట్టేయడం

తీర జిల్లాల్లో ప్రతి నష్టానికీ వినిపించే జవాబు దైవఘటన. రేకుల షెడ్డు ఎగిరిపోయినా, ప్రహరీ పడిపోయినా తుపాను మీదే నెపం. న్యాయపరంగా ఇది అంత సులువుగా నిలవదు. ఎవరూ ఊహించలేనిది, ఏ జాగ్రత్తతోనూ ఆపలేనిది అయితేనే దైవఘటన. నెల్లూరుకు ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అంతకంటే తక్కువ గాలికి షెడ్డు లేచిపోతే తప్పు తుపానుది కాదు.

2015 సవరణలో మరో అంశం చేరింది. తూర్పు తీరంలో 60 కిలోమీటర్ల లోపలి వరకు పారిశ్రామిక కట్టడాల గాలి వేగాన్ని 1.15తో గుణించాలి. తుపాను తర్వాత తప్పక పనిచేయాల్సిన ఆసుపత్రులు, ఆశ్రయ భవనాల వంటివాటికి 1.30తో గుణించాలి. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 1.15 అంటే ఒత్తిడి సుమారు 32 శాతం ఎక్కువ, 1.30 అంటే 69 శాతం ఎక్కువ. నెల్లూరు, ఒంగోలు రెండూ ఆ 60 కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. తీరం వెంట రొయ్యల శుద్ధి షెడ్డు కట్టించే యజమాని ఇంజనీరును అడగాల్సిన ప్రశ్న ఇదే: లెక్కలో ఈ గుణకం వేశారా? రేకును పర్లిన్‌కు (రేకు కింది అడ్డ దూలానికి) పట్టే బోల్టుల సంఖ్య దగ్గర నుంచి స్తంభం అడుగున యాంకర్ బోల్టుల లోతు దాకా ఈ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటాయి. లెక్కల కాగితంలో అది లేకపోతే, తుపాను తర్వాత దైవఘటన అన్న మాట ఇంజనీరును కాపాడదు.

సైటులో మారిన డ్రాయింగు

డిజైన్ తప్పుల్లో కొన్ని ఆఫీసులో పుట్టవు, సైటులో పుడతాయి. కార్లు తిప్పడానికి అడ్డంగా ఉందని ఒక పిల్లరు పక్కకు జరుపుతారు. డ్రైనేజీ గొట్టం కోసం బీములో రంధ్రం పెడతారు. ఫోనులో ఇంజనీరు సరే అంటాడు. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీ హయత్ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. తయారీదారు సౌలభ్యం కోసం ఒకే పొడవాటి కడ్డీకి బదులు రెండు పొట్టి కడ్డీలు పెట్టారు. ఆ చిన్న మార్పుతో పై వంతెన బోల్టు దగ్గర బరువు రెట్టింపైంది. మార్పు సూచించింది తయారీదారే అయినా, డ్రాయింగు మీద ఇంజనీరు ముద్ర ఉంది. ఇద్దరు ఇంజనీర్లు లైసెన్సులు కోల్పోయారు. మార్పు ఎవరు అడిగారన్నది ఒక సంగతి, లెక్క మళ్లీ చూసి ఒప్పుకోవాల్సిన బాధ్యత ఎవరిదన్నది మరో సంగతి. ఆ రెండోదాన్ని చట్టం వదిలిపెట్టదు.

మన దగ్గర ఇలాంటి మార్పుల్లో పెద్దది అదనపు అంతస్తు. రెండంతస్తులకు లెక్క కట్టిన పునాది మీద మూడోది లేస్తుంది. ఆ తర్వాత క్రమబద్ధీకరణ పథకం వచ్చినప్పుడు రుసుము కడతారు. ఆ రుసుముతో అనుమతి ఉల్లంఘన మాసిపోతుంది కానీ పునాది మీద పడిన బరువు తగ్గదు. అలా కట్టించుకున్న యజమాని తర్వాత మొదటి ఇంజనీరు మీద దావా వేస్తే గెలవడం చాలా కష్టం. రెరా వర్తించే ప్రాజెక్టుల్లో అయితే మంజూరైన ప్లానులను మార్చాలంటే కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలి.

మనిషి చనిపోతే వ్యవహారం క్రిమినల్ కోర్టుకు వెళుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 106 కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో గరిష్ఠం రెండేళ్లే. కట్టడాల విషయంలో నిర్లక్ష్యానికి సంబంధించిన పాత సెక్షన్ కూల్చివేత, మరమ్మతులకే పరిమితం. కొత్త సెక్షన్ 290లో నిర్మాణం కూడా చేరింది, శిక్ష ఆరు నెలల వరకు జైలు లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోకముందే, ప్రమాదం కనిపించినప్పుడే పోలీసుల దగ్గరికి వెళ్లడానికి ఈ సెక్షన్ ఆధారం. ఆ జరిమానా అంకె చూస్తే దాని భయం ఎవరికైనా ఉంటుందా అన్న అనుమానం న్యాయమైనదే.

రుజువు, గడువు

పగుళ్లు కనిపించగానే చాలామంది సిమెంటు పూసి రంగు వేయిస్తారు. కేసును బలహీనపరిచే మొదటి పని అదే. ముందు తేదీ కనిపించేలా ఫోటోలు తీయాలి, పగులుకు అడ్డంగా గాజు పలకో, కొలత గుర్తో అతికించి నెలల తరబడి కదలిక నమోదు చేయాలి. ఆ తర్వాత స్వతంత్ర ఇంజనీరుతో పరీక్షలు చేయించాలి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు కాంక్రీటును పగలగొట్టకుండా దాని స్థితి చెబుతాయి. బలం కచ్చితంగా తేలాలంటే కోర్ (కాంక్రీటులోంచి తొలిచిన గుండ్రటి ముక్క) తీసి ప్రయోగశాలకు పంపాలి. పునాది పక్కన గుంత తవ్వి చూస్తే ఫుటింగు లోతు, మట్టి రకం కళ్ల ముందే ఉంటాయి. సివిల్ కోర్టులో దావా నడుస్తుంటే స్థలాన్ని చూసి నివేదిక ఇచ్చేందుకు కమిషనరును నియమించమని అడగవచ్చు.

గడువుల దగ్గర చాలామంది నష్టపోతారు. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. ఒప్పందం ఉల్లంఘనకు సివిల్ కోర్టులో మూడేళ్లు, అదీ ఉల్లంఘన జరిగిన నాటి నుంచి. నల్లరేగడిలో పునాది తప్పు బయటపడటానికి కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. అందుకే డిజైన్ ఒప్పందంలోనే, లోపం బయటపడిన తేదీతో సంబంధం లేకుండా అప్పగింత నుంచి ఇన్నేళ్లు మరమ్మతు బాధ్యత నాదని ఇంజనీరు, కాంట్రాక్టరు ఇద్దరూ రాసిచ్చేలా చూసుకోవాలి. ఒక పేజీ ఒప్పందమైనా చాలు. అందులో మట్టి నివేదిక నంబరు, పాటించిన ఐఎస్ కోడ్‌ల పేర్లు, ఎన్ని అంతస్తులకు లెక్క కట్టారో, కాంక్రీటు గ్రేడు, కవరు మందం, పోత ముందు తనిఖీకి ఎవరు వస్తారో ఉండాలి.

ఇల్లు అమ్మేటప్పుడు లింకు దస్తావేజులు, పన్ను రసీదులు, ఈసీ అడిగి తీసుకోవడం అందరికీ అలవాటే. స్ట్రక్చరల్ డ్రాయింగులు, మట్టి నివేదిక కూడా వాటితో పాటే చేతులు మారాలి. కొన్నవాడు రేపు పైన ఒక గది వేయాలనుకున్నప్పుడు, కింద పునాదిని ఎంత బరువుకు లెక్క కట్టారో తెలిసేది వాటివల్లే. కొత్తగా పిలిపించిన ఇంజనీరు చేతికి అవి అందితే లెక్క మళ్లీ చూసి సంతకం పెట్టగలడు, ఆ సంతకంతో అదనపు గది బాధ్యత అతని మీదికి వస్తుంది. అవి లేకపోతే మేస్త్రి చెప్పిన మాటే మిగులుతుంది.